గ్యారేజ్ డోర్: మీరు చేసుకోగల పనులు, చెయ్యి పెట్టకూడని చోట్లు

గ్యారేజ్ తలుపు మూసి ఉన్నప్పుడు లోపల నిలబడి ఒకసారి పైకి చూడండి. తలుపుకు పైన, గోడకు అడ్డంగా ఒక ఇనుప కడ్డీ, దాని చుట్టూ బిగువుగా ఒకటో రెండో పెద్ద స్ప్రింగులు కనిపిస్తాయి. వాటినే టార్షన్ స్ప్రింగులంటారు. కడ్డీకి రెండు చివర్లా గిలకల్లాంటి డ్రమ్ములుంటాయి. వాటి మీంచి సన్నటి ఉక్కు కేబుళ్లు కిందికి దిగి తలుపు అడుగున రెండు మూలల్లో తగులుకుని ఉంటాయి. కొన్ని పాత ఇళ్లలో ఈ కడ్డీ ఉండదు. దానికి బదులు తలుపు జారే పట్టాల పైన రెండు వైపులా పొడుగ్గా సాగే ఎక్స్‌టెన్షన్ స్ప్రింగులు ఉంటాయి.

తలుపును ఎత్తేది సీలింగుకు వేలాడే మోటారే (దాన్నే ఓపెనర్ అంటారు) అని చాలామంది అనుకుంటారు. అమెరికాలో ఇల్లు కొన్న కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి బరువు మోసేది స్ప్రింగు. రెండు కార్ల స్టీలు తలుపు మామూలుగా 150 పౌండ్లు దాటుతుంది, లోపల ఇన్సులేషన్ ఉంటే ఇంకా ఎక్కువ. ఆ బరువుకు సరిసమానంగా స్ప్రింగు పైకి లాగుతూ ఉంటుంది కాబట్టే మోటారు కొద్దిపాటి బలంతో దాన్ని నడిపించగలుగుతుంది. మన ఊళ్లో కిరాణా కొట్టు షట్టరును గుర్తు తెచ్చుకోండి. అంత ఇనుప షట్టరును కొట్లో కుర్రాడు ఒక్క ఊపుతో పైకి తోసేస్తాడు. పైన చుట్టలో దాగిన స్ప్రింగు సాయం లేకపోతే అది ఇద్దరు మనుషులకు కూడా లేవదు. ఇక్కడా అంతే.

ఈ సంగతి తెలిశాక ఏ పని మనం చేసుకోవచ్చో, దేన్ని ముట్టుకోకూడదో విడిగా కంఠతా పట్టనక్కర్లేదు. స్ప్రింగు బిగువు ఎక్కడెక్కడ ఉందో అక్కడ చెయ్యి పెట్టకూడదు. అంటే స్ప్రింగు, దాని చివరల కోన్‌లు, వాటి మీది చిన్న మరలు, స్ప్రింగును గోడకు పట్టి ఉంచే మధ్య బ్రాకెట్, డ్రమ్ములు, కేబుళ్లు, కేబుల్ తగిలించిన అడుగు బ్రాకెట్లు. తయారీదారులు చాలాచోట్ల ఈ బోల్టులకు ఎర్ర రంగు పూస్తారు, లేదా ఎర్ర హెచ్చరిక స్టిక్కరు అంటిస్తారు. తలుపు మూసి ఉన్నప్పుడే స్ప్రింగులో బిగువు అన్నిటికన్నా ఎక్కువ. ఆ సమయంలో అడుగు బ్రాకెట్‌ను విప్పితే అది కేబుల్‌తో పాటు రాయి విసిరినట్టు ఎగిరిపోతుంది. వేళ్లు, కళ్లు పోయే ప్రమాదం అది. వీడియోల్లో స్ప్రింగు మార్చడం చాలా తేలిగ్గా కనిపిస్తుంది. దయచేసి ఆ పనికి మాత్రం దిగకండి. మిగతా పనులన్నీ ఓ గంటా గంటన్నరలో మీరే చేసుకోవచ్చు.

ఎప్పుడు, ఏం దగ్గర పెట్టుకుని

ఏడాదికి రెండుసార్లు చాలు. నేను ఉగాది ముందు ఒకసారి, దీపావళి ముందు ఒకసారి చేస్తాను. ఎలాగూ ఇల్లు దులుపుకునే రోజులే, మరిచిపోవడం ఉండదు. సెన్సర్ల పరీక్ష మాత్రం నెలకోసారి చేయాలి. దానికి రెండు నిమిషాలు పడుతుంది.

7/16 అంగుళాల సాకెట్ పానా, గట్టి నిచ్చెన, పాత బనియన్ గుడ్డలు, గ్యారేజ్ డోర్ల కోసమే అమ్మే సిలికాన్ లేదా లిథియం స్ప్రే డబ్బా, ఒక టూ బై ఫోర్ చెక్క ముక్క, చేతి గ్లవ్స్, కళ్లద్దాలు, ఫోన్‌లో టార్చి. ఇంతే సరంజామా.

కార్లను ముందే బయట పెట్టండి. పరీక్ష మధ్యలో ఏదైనా తెగితే కారు లోపలే ఇరుక్కుపోతుంది. మన గ్యారేజీల్లో ఇంకో సమస్య ఉంది. బియ్యం బస్తాలు, చెప్పుల స్టాండు, ఇండియా నుంచి తెచ్చిన సూట్‌కేసులు, వేపుళ్ల కోసం పెట్టుకున్న స్టవ్వు, అన్నీ అందులోనే. పట్టాల పక్కన, తలుపు దారిలో ఉన్నవన్నీ కనీసం రెండడుగులు జరపండి. స్టవ్వు ఆర్పేయండి. కొన్ని ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ కూడా గ్యారేజీలోనే ఉంటుంది. స్ప్రే డబ్బాలోని గ్యాస్ మండే రకం కాబట్టి ఆ మంటకు దూరంగా, గాలి ఆడేలా చూసుకుని వాడాలి. పిల్లల్ని లోపలికి పంపేయండి. "కాసేపు చూస్తాను నాన్నా" అన్నా సరే.

ముందు చూడండి, వినండి

పానా పట్టుకునే ముందు లోపల ఓ పక్కన నిలబడి తలుపును ఒకసారి పూర్తిగా ఎత్తించి, దించండి. కళ్లతో ఒకసారి, చెవులతో ఒకసారి. కీచుమంటే హింజ్‌లకో (తలుపు పలకలను కలిపే మడత బందులు), రోలర్లకో (పట్టాల్లో దొర్లే చిన్న చక్రాలు) కందెన లేదు. గలగలమంటే ఎక్కడో బోల్టు వదులైంది. గరగరమని గీరుతున్న శబ్దమైతే రోలరు బేరింగు అరిగింది, లేదా పట్టా వంగింది. ఒక వైపు ముందు లేచి, రెండో వైపు వెనకబడితే కేబుల్ సంగతి చూడాలి. అలా వంకరగా నడిచే తలుపును ఇంకోసారి నడపకండి.

తరవాత తలుపు మూసి, ఓపెనర్ ప్లగ్ పీకేసి, టార్చి వేసి చూడండి. చూడటమే, ముట్టుకోవద్దు. టార్షన్ స్ప్రింగు చుట్టలన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. మధ్యలో ఒకటి రెండు అంగుళాల ఖాళీ కనిపిస్తే స్ప్రింగు విరిగినట్టే. కేబుళ్లను ముఖ్యంగా కింద, అడుగు బ్రాకెట్ దగ్గర చూడండి. న్యూజెర్సీ, మిషిగన్ లాంటి చోట్ల చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు కారు టైర్లతో లోపలికి వచ్చి ముందు అక్కడే తుప్పు పట్టిస్తుంది. జడలోంచి వెంట్రుకలు రేగినట్టు ఒక్క ఉక్కు పోగు బయటికి వచ్చినా ఆ కేబుల్ పని అయిపోయింది, టెక్నీషియన్‌ను పిలవాలి. మీ ఇంట్లో ఎక్స్‌టెన్షన్ స్ప్రింగులుంటే వాటి మధ్యలోంచి ఒక సన్నటి సేఫ్టీ కేబుల్ పోతోందా లేదా చూడండి. స్ప్రింగు తెగినప్పుడు అది ఈటెలా ఎగిరి కారు మీదికో మనిషి మీదికో పోకుండా ఆపేది ఆ కేబులే. అది లేకపోతే పెట్టించే పని వాయిదా వేయకండి.

బరువు సరిగ్గా తూగుతోందా

మొత్తం పనిలో నేను అన్నిటికన్నా ముఖ్యం అనుకునేది ఈ పరీక్ష. ఎందుకో చెబుతాను.

మేం డాలస్ శివార్లలో ఉంటాం. ఒక ఏడాది ఎండాకాలం చివర్లో మా తలుపు సగం లేచి ఆగిపోవడం మొదలుపెట్టింది. ఓపెనర్‌లో ఫోర్స్ పెంచే సెట్టింగు ఉందని తెలిసి దాన్ని కొంచెం పెంచాను. మళ్లీ ఆగితే మళ్లీ పెంచాను. జనవరిలో ఒక తెల్లవారుజామున గ్యారేజీలోంచి తుపాకి పేలినట్టు చప్పుడు. ఇల్లంతా లేచి కూర్చున్నాం. లోపల పడిపోయిన వస్తువేదీ కనిపించలేదు. ఆఫీసుకు బయల్దేరుతూ బటన్ నొక్కితే తలుపు జానెడు లేచి ఆగింది. ఇంకో రెండుసార్లు నొక్కాను. ఈసారి మోటారు తిరుగుతోంది కానీ తలుపు కదలడం లేదు. తలెత్తి చూస్తే స్ప్రింగు రెండు ముక్కలై ఉంది. అది మోయాల్సిన బరువంతా ఒక్కసారిగా మీద పడేసరికి ఓపెనర్ లోపలి ప్లాస్టిక్ గేరు పళ్లు అరిగిపోయాయి. స్ప్రింగు బలహీనపడిందని తలుపు నాలుగు నెలల ముందు నుంచే చెబుతోంది. నేను మోటారును గట్టిగా తొయ్యమన్నాను తప్ప స్ప్రింగు వైపు చూడలేదు. ఈ కింది పరీక్ష అప్పుడే చేసి ఉంటే ఒక స్ప్రింగు ఖర్చుతో పోయేది.

1. తలుపు పూర్తిగా మూసి ఉండాలి. ఇది తప్పనిసరి. తలుపు పైన ఉండగా ఓపెనర్ నుంచి విడదీస్తే, స్ప్రింగులో లోపం ఉన్న పక్షంలో అంత బరువూ ఒక్కసారిగా కిందికి వస్తుంది.

2. ఓపెనర్ ప్లగ్ పీకి, పట్టాలకు మధ్యలో వేలాడే ఎర్ర తాడును కిందికి లాగండి. టక్కుమని శబ్దం వస్తుంది. ఇప్పుడు తలుపుకూ మోటారుకూ సంబంధం లేదు.

3. హ్యాండిల్ పట్టుకుని నెమ్మదిగా ఎత్తండి. వేళ్లు ఎప్పుడూ రెండు పలకల మధ్య సందులో పెట్టకండి. తలుపు వంగేటప్పుడు ఆ సందు మూసుకుపోయి వేళ్లు నలిగిపోతాయి. తలుపు అసలు లేవకపోయినా, ఇనుప దిమ్మలా అనిపించినా అక్కడితో ఆపేయండి.

4. మోకాలి ఎత్తులో, నడుము ఎత్తులో, భుజం ఎత్తులో ఒక్కోచోట ఆపి, పాదాలు తలుపు కింద లేకుండా చూసుకుని, చేతులు అందుబాటులో ఉంచుకుంటూనే పట్టు కొద్దిగా వదిలి చూడండి. మంచి తలుపు ఉన్నచోటే నిలబడుతుంది, లేదా వేలెడు అటూ ఇటూ జరుగుతుంది. కిందికి జారిపోతుంటే స్ప్రింగు బలం తగ్గింది. దానంతట అది పైకి పోతుంటే బిగువు ఎక్కువైంది. రెండిట్లో ఏదైనా టెక్నీషియన్ పనే.

పరీక్ష అయ్యాక తలుపు మూసి, ప్లగ్ పెట్టి బటన్ నొక్కితే చాలా ఓపెనర్లలో క్యారేజీ (తలుపును లాగే, ఎర్ర తాడు వేలాడే భాగం) ముందుకు కదిలి మళ్లీ తగులుకుంటుంది. అలా తగులుకోకపోతే మీ మోడల్ మాన్యువల్‌లో పద్ధతి చూడండి.

స్ప్రింగు ఆయుష్షును ఏళ్లలో కాదు, సైకిళ్లలో లెక్కిస్తారు. ఒకసారి తెరిచి మూస్తే ఒక సైకిల్. కొత్త ఇళ్లలో బిల్డర్లు పెట్టే మామూలు స్ప్రింగు సుమారు 10,000 సైకిళ్లకు తయారైనది. రోజుకు 4 సార్లయితే ఏడేళ్ల దాకా వస్తుంది. మనవాళ్ల ఇళ్లలో చాలాచోట్ల గ్యారేజ్ తలుపే వీధి తలుపు. ఆఫీసు, స్కూలు, డ్యాన్స్ క్లాసు, గుడి, చెత్త డబ్బా, అన్నిటికీ అదే దారి. రోజుకు 8 సార్లు లేస్తే అదే స్ప్రింగు మూడున్నరేళ్లకే చివరికి వస్తుంది. మీ ఇంటి లెక్క మీరే వేసుకుని చూడండి.

బిగించడం, తుడవడం, కందెన

తలుపు రోజూ అదురుతూ నడుస్తుంది కాబట్టి బోల్టులు వదులవుతాయి. పలకల మధ్య ఉన్న హింజ్‌ల మరలను, పట్టాలను గోడకు, సీలింగుకు పట్టి ఉంచే బ్రాకెట్ల బోల్టులను సాకెట్ పానాతో ఒక్కొక్కటీ సరిచూసుకోండి. వదులుగా ఉన్నవాటిని బిగిస్తే చాలు. బలం కొద్దీ తిప్పితే పలుచటి రేకులో మర పట్టు పోతుంది. అడుగు బ్రాకెట్ల జోలికి, పైన స్ప్రింగు బ్రాకెట్ల జోలికి పోవద్దని ఇక్కడ మళ్లీ చెప్పడం తప్పు కాదు. చేతిలో పానా ఉన్నప్పుడే ఆ పొరపాటు జరుగుతుంది.

పట్టాలను తడి గుడ్డతో లోపల తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టండి. పట్టాలకు గ్రీజు రాయకూడదు. రోలరు పట్టాలో దొర్లాలి కానీ జారకూడదు. గ్రీజు రాస్తే దుమ్ము, చెత్త అంటుకుని రెండు నెలల్లో నల్లటి జిగురుగా తయారవుతుంది. చిన్న సొట్ట ఉంటే రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి సరిచేయవచ్చు. రివర్స్‌లో కారు తగిలి పట్టా వంగిపోతే, రోలరు పట్టాలోంచి బయటికి వచ్చేస్తే మాత్రం తలుపును కదపకుండా వదిలేసి ఫోన్ చేయండి.

కందెన ఎక్కడ వేయాలంటే: హింజ్‌లు మడత పడే చోట, ఉక్కు రోలర్ల బేరింగుల్లో, కడ్డీ చివర్ల బేరింగు ప్లేట్ల దగ్గర, స్ప్రింగు చుట్టల మీద పలుచగా. స్ప్రింగు మీద స్ప్రే చేయడానికి దాన్ని ముట్టుకోనక్కర్లేదు. నిచ్చెన మీద ఓ పక్కగా నిలబడి దూరం నుంచి కొట్టండి. నైలాన్ రోలర్లయితే చక్రానికి వేయకండి. మధ్యలో బేరింగు మూత లేకుండా కనిపిస్తుంటే అక్కడ ఒక్క చుక్క చాలు. ఓపెనర్ బెల్టు రకమైతే దానికేమీ అక్కర్లేదు. గొలుసు రకమైతే మాన్యువల్ చెప్పిన మేరకే. తరవాత తలుపును రెండుసార్లు నడిపి, కారినదంతా తుడిచేయండి.

అందరి ఇళ్లలో ఉండే నీలం పసుపు డబ్బా, అదే మామూలు డబ్ల్యూడీ-40, ఈ పనికి సరిపోదు. బిగుసుకుపోయిన మర వదలడానికి, తుప్పు వదిలించడానికి అది మంచిదే. హింజ్‌లో కొడితే మాత్రం ఉన్న గ్రీజును కూడా కడిగేసి కొద్ది రోజుల్లో ఆరిపోతుంది, కీచుమనే శబ్దం ముందుకన్నా ఎక్కువగా తిరిగొస్తుంది. వంటనూనె ఇంకా అన్యాయం, అది జిగురవుతుంది.

సెన్సర్లు, వెనక్కి మళ్లే పరీక్ష

ఇది పిల్లల ప్రాణాలకు సంబంధించిన భాగం. తలుపుల కింద చిక్కుకుని పిల్లలు చనిపోయిన ఘటనల తరవాత అమెరికాలో చట్టం మారింది. 1993 జనవరి 1 నుంచి ఇళ్ల కోసం తయారయ్యే ప్రతి ఓపెనర్‌కూ అడ్డు తగిలితే వెనక్కి మళ్లే ఏర్పాటుతో పాటు, తలుపు కింద మనిషి ఉంటే కనిపెట్టే ఫొటో సెన్సర్ లాంటి రెండో రక్షణ ఉండాలి. మీరు కొన్న పాత ఇంట్లో తలుపుకు రెండు వైపులా ఆ చిన్న కళ్లు లేకపోతే మరమ్మతు గురించి ఆలోచించకండి, ఓపెనరే మార్చేయండి.

సెన్సర్లు నేల నుంచి 6 అంగుళాలకు మించని ఎత్తులో ఉండాలి. పాకే పిల్లవాడు కూడా వాటికి అడ్డు తగలాలన్నది అందులోని ఉద్దేశం. రెండిటి మీదా చిన్న లైట్లు నిలకడగా వెలగాలి. తలుపు కొంచెం దిగి మళ్లీ పైకి పోతుంటే, ఓపెనర్ లైటు మిణుకుమంటుంటే పదిలో తొమ్మిదిసార్లు దోషం ఇక్కడే. ముందు అడ్డేముందో చూడండి. మా ఇంట్లో ఎప్పుడూ చెప్పులే. గ్యారేజీలోంచి ఇంట్లోకి వచ్చేవాళ్లంతా అక్కడే విడుస్తారు, ఒక చెప్పు జరిగి సెన్సర్ ముందుకొస్తుంది. పండగ రోజుల్లో తలుపుకు కట్టిన తోరణం దారం కిందికి జారి అడ్డు వచ్చిన సందర్భమూ ఉంది. అడ్డేమీ లేకపోతే సెన్సర్ అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడవండి. సాలెగూడు ఒక్కటి చాలు అది పనిచేయకపోవడానికి. తరవాత రెండూ ఎదురెదురుగా ఉన్నాయా చూడండి. చీపురు తగిలి ఒకటి వంగి ఉంటుంది. వెనక ఉన్న రెక్కల నట్టు వదులు చేసి, లైటు నిలకడగా వెలిగే దాకా సర్ది, బిగించండి. ఏదో ఒక వేళలో మాత్రమే ఇబ్బంది పెడుతుంటే, ఉదాహరణకు సాయంత్రం ఐదింటికి, ఎండ నేరుగా సెన్సర్‌లో పడుతోందేమో చూడండి. చిన్న అట్టముక్కతో నీడ చేస్తే సరిపోతుంది.

గోడ మీది బటన్‌ను నొక్కి పట్టుకుంటే సెన్సర్ చెడిపోయినా తలుపు మూసుకుంటుంది. ఆ ఒక్కరోజుకు అది సాయం, అలవాటుగా మాత్రం చేసుకోకండి. కొంతమంది విసిగిపోయి రెండు సెన్సర్లనూ ఎదురెదురుగా కట్టేసి సీలింగు దగ్గర పెట్టేస్తారు. అలాంటి తలుపు ఉన్న ఇంటికి నేను నా పిల్లల్ని ఆడుకోవడానికి పంపను.

పరీక్షలు రెండు. మొదటిది, తలుపు దిగుతుండగా పక్కన నిలబడి చీపురు కర్రను సెన్సర్ల మధ్య అడ్డం పెట్టండి. వెంటనే ఆగి పైకి పోవాలి. రెండోది, తలుపు దిగే చోట మధ్యలో నేల మీద టూ బై ఫోర్ చెక్కను వెడల్పు వైపు పడుకోబెట్టి తలుపు దించండి. చెక్కకు తగిలిన రెండు సెకన్లలో తలుపు తిరిగి పైకి వెళ్లిపోవాలి. చెక్కను నొక్కుతూ అక్కడే ఆగిపోతే ఓపెనర్ లిమిట్ (తలుపు ఎక్కడ ఆగాలో), ఫోర్స్ (ఎంత బలంతో తొయ్యాలో) సెట్టింగులు మాన్యువల్ ప్రకారం సరిచేసి మళ్లీ పరీక్షించండి. అయినా వెనక్కి మళ్లకపోతే బాగయ్యే వరకు ఓపెనర్ వాడకండి.

గోడ బటన్ చిన్నపిల్లలకు అందకూడదు, కనీసం 5 అడుగుల ఎత్తులో ఉండాలి. తలుపు దిగుతుండగా కిందనుంచి దూరి పరిగెత్తే ఆట పిల్లలకు చాలా ఇష్టం, పెద్దవాళ్లం కూడా చెత్త డబ్బా బయట పెట్టి వచ్చేటప్పుడు అదే చేస్తాం. మనం మానితేనే వాళ్లు మానతారు. వంట పొగ పోవాలని తలుపును సగం ఎత్తి ఉంచడం కూడా మంచిది కాదు. దాని కింద నుంచి వంగి నడిచేవాళ్ల తల మీద ఆ బరువును ఆపి ఉంచేది ఒక్క స్ప్రింగే. ఎత్తితే పూర్తిగా ఎత్తండి.

మీ చేతుల మీద అయ్యే చిన్న మరమ్మతులు

రిమోట్ పనిచేయక, గోడ బటన్ పనిచేస్తుంటే ముందు బ్యాటరీ మార్చండి. బ్యాటరీలు బాగుండి రిమోట్లన్నీ ఒకేసారి మూగబోతే గోడ ప్యానెల్ మీద లాక్ బటన్ ఎవరో నొక్కి ఉంటారు. మా ఇంట్లో ఇలా జరిగితే ఎవరి పనో అడగక్కర్లేదు, మా చిన్నవాడే.

హింజ్ పగిలితే తలుపు మూసి, ప్లగ్ పీకి, ఒక్కసారికి ఒక్క హింజే మార్చండి. హింజ్‌ల మీద 1, 2, 3 అని అంకెలుంటాయి. పాతదాని అంకె చూసి అదే కొనాలి, ఎందుకంటే పై పలకలకు పోయేకొద్దీ రోలరు దూరం మారుతుంది. మధ్య రోలర్లు కూడా ఇలాగే హింజ్ విప్పి మార్చవచ్చు. అట్టడుగు రోలరు మాత్రం కేబుల్ బ్రాకెట్‌లోనే కూర్చుని ఉంటుంది కనుక దాన్ని వదిలేయండి.

అడుగు రబ్బరు మార్చడం కొంచెం పెద్ద పని, కానీ చేసి తీరాల్సిందే. అది ఎండిపోయి పగిలితే వాన నీళ్లు, ఎలుకలు, టెక్సస్‌లో అయితే తేళ్లు కూడా లోపలికి వస్తాయి. ఇద్దరు మనుషులు కావాలి. పాత రబ్బరు ముక్క ఒకటి కోసి దుకాణానికి తీసుకెళ్తే సరిపోయే రకం దొరుకుతుంది. రెండు కార్ల తలుపు సాధారణంగా 16 అడుగులు, దానికన్నా ఓ అడుగు ఎక్కువ కొనండి. తూకం పరీక్షలో నెగ్గిన తలుపుకే ఈ పని చేయాలి. తలుపును ఛాతీ ఎత్తుకు ఎత్తి, ఓపెనర్ ప్లగ్ పీకి, రెండు వైపులా పట్టాలకు ఒక రోలరు కింద లాకింగ్ ప్లయర్ (ఒకసారి బిగిస్తే దానంతట అదే పట్టుకుని ఉండే పట్టకారు) బిగించండి, తలుపు జారకుండా. అడుగున ఉన్న అల్యూమినియం గాడి చివర్లను స్క్రూడ్రైవర్‌తో కాస్త తెరిచి పాత రబ్బరు లాగేయండి. గాడిని శుభ్రంగా తుడిచి, అంట్ల సబ్బు కలిపిన నీళ్లు చిలకరించి, ఒకరు రబ్బరును గాడిలోకి ఎక్కిస్తుంటే ఇంకొకరు అవతలి వైపు నుంచి లాగాలి. మరీ సాగదీయకండి, తరవాత ముడుచుకుని చివర్లు పొట్టి అవుతాయి. రెండు వైపులా అంగుళం వదిలి కోసి, గాడి చివర్లను నొక్కేయండి. ప్లయర్లు తీయడం మరిచిపోకుండా తలుపు దించండి.

మంచు పడే ఊళ్లలో ఈ రబ్బరే నేలకు గడ్డకట్టి అతుక్కుపోతుంది. అలాంటప్పుడు బటన్ మళ్లీ మళ్లీ నొక్కితే రబ్బరు చిరుగుతుంది, ఓపెనర్ పాడవుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి తగిలించి, ప్లాస్టిక్ గరిటెతో విడదీయండి. వేడినీళ్లు పోయకండి, అరగంటలో అవీ గడ్డకడతాయి. చలి మొదలయ్యే ముందు రబ్బరు మీద సిలికాన్ స్ప్రే రాస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

టెక్నీషియన్‌ను పిలిచినప్పుడు

మరీ తక్కువ ధర ప్రకటన చూసి పిలవకండి. నేను మొదటిసారి అలా పిలిస్తే వచ్చినతను స్ప్రింగు ఒక్కటే పోయిన తలుపుకు రోలర్లు, కేబుళ్లు, బేరింగులు, ఓపెనర్ అన్నీ మార్చాలని లెక్క రాశాడు. "ఏది పాడైందో చూపించండి" అని అడిగితే సగం కొట్టేశాడు. ఆ మాట మీరు మొదటే అడగండి. ధర కాగితం మీద రాయించుకోండి. రెండు స్ప్రింగులున్న తలుపుకు ఒకటి విరిగితే రెండూ మార్పించడం న్యాయమైన సలహాయే. రెండిటి వయసూ ఒకటే కాబట్టి రెండోదానికీ రోజులు దగ్గరపడి ఉంటాయి. ఎన్ని సైకిళ్ల స్ప్రింగు వేస్తున్నారో అడగండి. తలుపు ఎక్కువగా వాడే ఇల్లయితే కొంచెం ఖర్చు పెట్టి 20,000 లేదా అంతకన్నా ఎక్కువ సైకిళ్లది వేయించుకోవడం మంచిది. పని అయ్యాక, డబ్బు ఇచ్చే ముందు, ఎర్ర తాడు లాగి పైన చెప్పిన తూకం పరీక్ష అతని ముందే చేసి చూపించమనండి. మంచి టెక్నీషియన్ మీరు అడక్కముందే చేస్తాడు.

కరెంటు పోయినప్పుడు, ఊరెళ్లేటప్పుడు

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు. కరెంటు పోతే ఈ తలుపు ఎలా తెరవాలో వాళ్లకు వచ్చిన వారంలోనే నేర్పండి. తలుపు మూసి ఉందని చూసుకోవడం, ఎర్ర తాడు లాగడం, హ్యాండిల్ పట్టుకుని ఎత్తడం, చివరిదాకా ఎత్తడం. రెండుసార్లు వాళ్ల చేతే చేయించండి. తూకం బాగున్న తలుపు అరవై దాటిన మా అమ్మ చేతికి కూడా లేచింది. మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పులు ఉన్నవాళ్లయితే బ్యాటరీ బ్యాకప్ ఉన్న ఓపెనర్ పెట్టించండి. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి కొత్తగా అమ్మే, బిగించే ఇంటి ఓపెనర్లకు బ్యాటరీ బ్యాకప్ తప్పనిసరి. కార్చిచ్చుల సమయంలో కరెంటు పోయి తలుపులు తెరవలేక మనుషులు చిక్కుకుపోవడమే ఆ చట్టానికి కారణం. మీ రాష్ట్రంలో చట్టం లేకపోయినా కారణం అదే కదా.

నెల రోజులు ఇండియా వెళ్తుంటే గోడ ప్యానెల్ మీది లాక్ బటన్ నొక్కండి, బయట నుంచి రిమోట్లు పనిచేయవు. డ్రైవ్‌వేలో వదిలే కారులో రిమోట్ ఉంచకండి. తలుపుకు లోపల చేత్తో వేసే గడియ ఉంటే అది వేయవచ్చు, కానీ ముందు ఓపెనర్ ప్లగ్ పీకాలి. గడియ వేసి ఉండగా ఎవరైనా బటన్ నొక్కితే మోటారు తలుపు పై పలకను వంచేస్తుంది. పీకిన ప్లగ్ పక్కనే ఒక కాగితం మీద "గడియ తీసి ప్లగ్ పెట్టాలి" అని రాసి అంటించి వెళ్లండి. ముప్పై గంటల ప్రయాణం చేసి అర్ధరాత్రి దిగినప్పుడు అవేవీ గుర్తుండవు.